టీవీకి వైఫై అందట్లేదా? కేబులా, స్టిక్కా, మెష్షా, ఎక్స్‌టెండరా: ఏది మేలు?

"ఫోన్‌కి వైఫై బాగానే వస్తోంది, టీవీకి మాత్రం ఎక్కట్లేదు, ఏం కొనమంటావు?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉంటారు, టీవీ మాత్రం ఊళ్లో అమ్మానాన్నల హాల్లో ఉంటుంది. విడివిడిగా అందరికీ చెప్పి చెప్పి విసుగొచ్చి ఒకేసారి రాసేస్తున్నాను.

పాస్‌వర్డ్ సరిచూసుకోవడం, రౌటర్ ఆపి వేయడం లాంటివి మీరు చేసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. ఒక్కటి మాత్రం చెప్తాను, రిమోట్‌తో ఆపితే టీవీ నిజంగా ఆగిపోదు, స్టాండ్‌బైలో ఉంటుందంతే. ప్లగ్ పీకేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెడితేనే అది మొదటి నుంచి లేచినట్టు.

ఏదైనా కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఫోన్‌లో మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ ఆన్ చేసి, టీవీ పక్కనే పెట్టి దానికి కనెక్ట్ చేయండి. వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు (రేడియో దారులు) ఉంటాయి, హాట్‌స్పాట్ 2.4లో ఉండాలి. ఆండ్రాయిడ్‌లో బ్యాండ్ ఎంచుకునే చోటు హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, ఐఫోన్‌లో అయితే 'మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేయాలి. టీవీ దీనికి కనెక్ట్ అయ్యిందంటే టీవీలో లోపం లేదు, దూరమో, నడుమ గోడో, రౌటర్ సెట్టింగో అడ్డం పడుతోంది. పక్కనే ఉన్న ఫోన్‌కి కూడా కనెక్ట్ కాలేదంటే ఒకసారి నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేసి చూడండి, అప్పటికీ కాకపోతే టీవీ లోపలి వైఫై భాగమే పోయి ఉండొచ్చు. అలాంటి టీవీకి వేలు పోసి మెష్ (ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టి ఒకే వైఫైగా వాడే డబ్బాల సెట్టు) తెచ్చినా ఉపయోగం ఉండదు. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఎక్స్‌టెండర్ (రౌటర్ సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే డబ్బా) కొనేసి, అదీ పనిచేయట్లేదని ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ.

పైసా ఖర్చు లేకుండా పోయే జబ్బులు కూడా కొన్ని ఉన్నాయి. చవక టీవీల్లో చాలావాటికి 2.4 మాత్రమే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ లిస్టులోనే కనిపించదు. రౌటర్ రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో ఇస్తుంటే కొన్ని టీవీలు తికమకపడతాయి, అప్పుడు రెండింటికీ వేరే వేరే పేర్లు పెట్టేయడం మేలు. 5 పట్టే టీవీకి కూడా ఆ పేరు కనిపించకపోతే రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్ (బ్యాండ్ లోపల నంబరు వేసిన చిన్న దారి) 52 నుంచి 144 మధ్య ఉందేమో చూడండి, అవి రాడార్లతో పంచుకునే ఛానెళ్లు, కొన్ని టీవీలు వాటిని అసలు వెతకవు. 36కో 149కో మారిస్తే ప్రత్యక్షమవుతుంది. 2.4లో అయితే 12, 13 ఛానెళ్లు వద్దు, 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి. కొత్త రౌటర్ పెట్టిన రోజు నుంచే పాత టీవీ మొరాయిస్తుంటే రౌటర్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ (వైఫైకి తాళం వేసే పద్ధతి) డబ్ల్యూపీఏ3లో ఉండి ఉండొచ్చు, పాతదైన డబ్ల్యూపీఏ2కి మార్చండి. సినిమాల హార్డ్‌డిస్క్ టీవీ వెనక గుచ్చి ఉంటే అదొకసారి తీసి చూడండి, యూఎస్‌బీ 3.0 వస్తువులు 2.4 గిగాహెర్ట్జ్ మీద రొద పెడతాయి. 'కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు' అని వస్తుంటే టీవీలో తేదీ, టైము చూడండి. తేదీ తప్పుంటే సర్టిఫికెట్లు (సైట్లు అసలైనవేనని చూపే గుర్తింపులు) చెల్లక యాప్‌లు తెరుచుకోవు, కరెంటు పోయి వచ్చాక ఇది ఎక్కువ.

ఇవన్నీ అయ్యాక కూడా సున్నా గిర్రున తిరుగుతూనే ఉంటే, అప్పుడు ఏం కొనాలన్న ప్రశ్న వస్తుంది.

అందరూ స్పీడు గురించే అడుగుతారు గానీ టీవీకి స్పీడు పెద్ద విషయం కాదు. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే 4కేకి 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ చాలంటారు. ఇక్కడ పోల్చుతున్న వాటిలో ఏదైనా సరిగ్గా పనిచేసిన రోజున ఆ మాత్రం ఇస్తుంది. నా దృష్టిలో తేల్చేది వేరే: మీరు ఇంట్లో లేని రోజున అది పాడైతే ఎవరు చూసుకుంటారు? కరెంటు పోయి వచ్చింది, రౌటర్ లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంది, ఈలోగా టీవీ వెతికి వెతికి మానేసింది. లేదంటే నెట్ వాళ్లు వచ్చి డబ్బా మార్చారు, వైఫై పేరు మారింది. ఇప్పుడు అరవై దాటిన మనిషి రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం దగ్గరికి పాక్కుంటూ వెళ్లి పాస్‌వర్డ్ కొట్టాలి. పెద్దక్షరానికి ఒక బటన్, అంకెలకు ఇంకో పేజీ, యాట్ గుర్తు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. వీడియో కాల్‌లో ఇవతల నుంచి మనం "కుడికి, కుడికి, అయ్యో దాటేశావు నాన్నా" అంటుంటే ఆయనకు బీపీ, మనకు టెన్షన్. ఏది పెడితే ఈ ఫోన్‌కాల్ రాకుండా ఉంటుందో అదే నాకు మేలైనది.

అలా చూస్తే నా ఓటు రౌటర్ నుంచి టీవీకి నేరుగా వేసే ల్యాన్ కేబుల్‌కే. ఫోన్ ఇల్లంతా తిరుగుతుంది కాబట్టి దానికి వైఫై కావాలి, టీవీ కొన్న రోజు నుంచీ గోడకే ఉంటుంది, దానికెందుకు? కేబుల్‌కి పాస్‌వర్డ్ లేదు, బ్యాండ్ లేదు, ఛానెల్ లేదు. రౌటర్ మారినా అదే వైరు కొత్త డబ్బాకి గుచ్చితే సరిపోతుంది, ఆ పని నెట్ కుర్రాడే చేసి వెళ్తాడు. నడుమ తొమ్మిదంగుళాల గోడ ఉన్నా, స్టీలు బీరువా ఉన్నా, మేడ మీది స్లాబు ఉన్నా దానికి పట్టదు. 100 మీటర్ల వరకు నిక్షేపంగా పనిచేస్తుంది. మన ఇళ్లలో అంత దూరం ఎక్కడుంది?

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం "నా ప్లాన్ 300 ఎంబీపీఎస్, టీవీ పోర్టు 100కే పరిమితం కదా" అని. నిజమే, ఖరీదైన టీవీల్లో కూడా చాలావాటికి 100 ఎంబీపీఎస్ పోర్టే ఇస్తారు. స్పీడ్ టెస్ట్ పెడితే 90 పైచిలుకు చూపిస్తుంది, పక్కన 5 గిగాహెర్ట్జ్ వైఫై 200 చూపించొచ్చు. కానీ సినిమాకి కావలసింది 15. ఆ 90 వర్షం పడినా, పక్కింట్లో కొత్త రౌటర్ పెట్టినా 90గానే ఉంటుంది.

రెండో అభ్యంతరం వైరు లాగడం. దీనికి కంప్యూటర్ షాపు వాళ్లకంటే సీసీ కెమెరాలు పెట్టేవాళ్లు మేలు, నిచ్చెన, డ్రిల్లు, పిన్ను కొట్టే క్రింపింగ్ టూల్ అన్నీ వాళ్ల సంచిలోనే ఉంటాయి. రాగి తీగ ఉన్న క్యాట్ 6 కేబులే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవగ్గా వస్తాయి గానీ వంచిన చోట విరుగుతాయి. గోడ లోపల కరెంటు వైర్లున్న పైపులోంచే దీన్నీ దూర్చేస్తామంటారు, ఒప్పుకోకండి, స్కర్టింగ్ మీదుగా తెల్ల పీవీసీ పట్టీ కొట్టించండి. కొన కట్ చేసి పిన్ను కొట్టేటప్పుడు కాస్త దగ్గరుండి చూడండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ, రెండు కొనల్లోనూ ఇదే వరుస. 100 ఎంబీపీఎస్ టీవీ వీటిలో నారింజ జత, ఆకుపచ్చ జత మాత్రమే వాడుకుంటుంది, అంటే ఏ ఎలుకో నీలం తీగ కొరికినా మీ సీరియల్ ఆగదు. ఒక్క జాగ్రత్త, రెండు వేరు ఇళ్ల మధ్య ఆరుబయట మాత్రం రాగి వైరు లాగకండి, పిడుగు పడితే రెండు వైపులా సామాను పోతుంది. అక్కడ ఫైబరే వేయించాలి.

ఫైబర్ అంటే గుర్తొచ్చింది, అసలు రౌటర్నే టీవీ దగ్గరికి మార్చేయొచ్చు కదా? దీన్ని ఎవరూ ఆలోచించరు. ఫైబర్ వీధి తలుపు పైనుంచి వచ్చింది కాబట్టి డబ్బా అక్కడే తలుపు మీద మేకుకి వేలాడుతుంటుంది, ఏళ్ల తరబడి. లైన్ కుర్రాడిని పిలిచి ఇంకో పది మీటర్లు లాగి టీవీ స్టాండ్ పక్కన పెట్టమంటే, ఒక మీటరు ప్యాచ్ కార్డ్‌తో (రెండు కొనల్లోనూ పిన్నున్న చిన్న ల్యాన్ వైరుతో) పని అయిపోతుంది. ఫైబర్‌ని మూలల్లో మడత పడకుండా గుండ్రంగా తిప్పాలి, అంతే. పడకగదుల్లో ఫోన్లకు సిగ్నల్ తగ్గుతుందేమో ముందు చూసుకోండి. హాలు ఇంటికి నడిమధ్యలో ఉంటే తగ్గకపోగా పెరుగుతుంది కూడా.

అద్దె ఇల్లయితే కథ వేరు. ఓనరు గోడకి మేకు కొట్టనివ్వడు, డ్రిల్లు మాట దేవుడెరుగు. అలాంటి చోట, టీవీ వైఫై భాగం పోయిన చోట, టీవీ పాతదై యాప్‌లు అప్‌డేట్ కాని చోట నేను చెప్పేది టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకి గుచ్చే, సొంత వైఫై, యాప్‌లు ఉన్న స్టిక్ (ఫైర్ టీవీ స్టిక్ లాంటిది). ఇల్లు మారితే జేబులో పెట్టుకుని పోవచ్చు. 2.4 మాత్రమే తెలిసిన టీవీకి దీంతో 5 గిగాహెర్ట్జ్ కూడా వస్తుంది. కొన్నవాళ్లు రెండు పనులు తప్పకుండా చేయండి. ఫైర్ టీవీ స్టిక్ పెట్టెలో చిన్న హెచ్‌డీఎంఐ పొడిగింపు వైరు ఇస్తారు, చాలామంది దాన్ని పెట్టెలోనే వదిలేస్తారు. అది వాడితే స్టిక్ టీవీ వీపుకి అతుక్కోకుండా కాస్త ఎడంగా వేలాడుతుంది, సిగ్నల్ మెరుగవుతుంది. రెండోది, పవర్ టీవీ యూఎస్‌బీ నుంచి తీసుకోకండి, చాలా టీవీల్లో అది చాలదు, ఇచ్చిన అడాప్టర్‌నే ప్లగ్గుకి పెట్టండి.

అయితే స్టిక్ కూడా వైఫై మీదే బతుకుతుంది, టీవీ స్టాండ్ దగ్గరికి సిగ్నలే రాకపోతే అది మాత్రం ఏం చేస్తుంది? పైగా రెండు రిమోట్లు. పొరపాటున సోర్స్ బటన్ నొక్కితే 'నో సిగ్నల్' వస్తుంది, ఊరి నుంచి ఫోన్ వస్తుంది. అందుకే పెద్దవాళ్లున్న ఇంటికి ఇది రెండో స్థానం.

మెష్ మంచి వస్తువే, కాదనను. రెండంతస్తుల ఇల్లు, నలుగురు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, ప్రతి గదిలోనూ వైఫై సిగ్నల్ గీతలు తగ్గిపోతుంటే తీసుకోండి. ఒక్క టీవీ కోసం మాత్రం వద్దు. కేబుల్, పట్టీ, కూలీ అన్నీ కలిపినా మంచి మెష్ సెట్టు ధరకు చాలా కిందే ఉంటాయి. తీసుకుంటే మాత్రం నెట్ వాళ్ల డబ్బాలోని పాత వైఫైని ఆపేయించండి, లేకపోతే ఫోన్ ఆ నెట్‌వర్క్‌లో, టీవీ ఈ నెట్‌వర్క్‌లో ఉండి, ఫోన్ నుంచి టీవీకి వీడియో క్యాస్ట్ చేయబోతే టీవీ పేరే కనిపించదు. రెండో డబ్బాని టీవీ పక్కన కాకుండా రౌటర్‌కీ టీవీకీ నడుమ, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి.

ఎక్స్‌టెండర్ గురించి ఎక్కువ చెప్పను. చవక సింగిల్ బ్యాండ్ ఎక్స్‌టెండర్ గట్టు మీద నిలబడి ఒకరి మాట విని ఇంకొకరికి కేకేసి చెప్పే మనిషి లాంటిది, వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు, అందుకే వేగం సగానికి పడిపోతుంది. పైగా కరెంటు పోయిన ప్రతిసారీ రౌటర్, ఎక్స్‌టెండర్, టీవీ మూడూ వరుసగా ఒకదాన్నొకటి పట్టుకోవాలి. కొన్నవాళ్లు వాడుకోండి, కొత్తగా కొనకండి.

కరెంటు వైర్ల మీదుగా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు త్రీ ఫేజ్, ఇన్వర్టర్ ఉన్న మన ఇళ్లలో నమ్మకంగా పనిచేయవు, వదిలేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌తోనే రోజూ చూస్తామనేవాళ్లకు ఒకే లెక్క: నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా తాగుతుంది, రోజుకు 2 జీబీ ప్యాక్ ఒక సినిమాకి కూడా రాదు.

ఏది పెట్టినా రౌటర్‌కి ఒక చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్ తగిలించండి, అయితే మీ డబ్బా అడాప్టర్ మీద కూడా 12 వోల్టులని రాసి ఉందో లేదో చూసుకుని. అది ఉంటే కరెంటు పోయినా రౌటర్ లైన్ వదలదు, టీవీ లేచేసరికి నెట్ సిద్ధంగా ఉంటుంది. చిరాకులో సగం దీంతోనే పోతుంది.

ఇక "ఇదంతా ఎందుకు, కొత్త టీవీ కొనేస్తాం" అనేవాళ్లకు: షాపులో టీవీ వెనక్కి తొంగి చూసి ల్యాన్ పోర్టు ఉందో లేదో కనుక్కోండి. కొన్ని చవక మోడళ్లలో అది ఇవ్వరు.