మిర్చి టిక్కీల లెక్కకు ఒక్క ఎక్స్ చాలా, వై కూడా కావాలా?

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: పద సమస్యను నోటిలెక్కగా చేయించాలా, ఎక్స్ పెట్టించాలా, ట్యూషన్లో చెప్పినట్టు ఎక్స్, వై రెండూ పెట్టించాలా?

గుంటూరు మిర్చి యార్డు లెక్కే చూద్దాం. ఓ రైతు 30 టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు. కొన్ని 40 కేజీలవి, మిగతావి 45 కేజీలవి. మొత్తం తూకం 1,290 కేజీలు. 45 కేజీలవి ఎన్ని?

నోటిలెక్కలో, అన్నీ 40వే అనుకుంటే 1,200. ఇంకా 90 కావాలి. పెద్ద టిక్కీ ఒక్కోదానికి 5 కేజీలు ఎక్కువ కాబట్టి 18. నిమిషం పట్టదు. అయితే వయసుల లెక్కల దగ్గర ఈ దారి అంత తేలిగ్గా దొరకదు.

ఎక్స్-వై పద్ధతిలో రాయడం సులువు: ఎక్స్ + వై = 30, 45ఎక్స్ + 40వై = 1,290. మొదటిదాన్ని 40తో గుణించి రెండోదాంట్లోంచి తీసేస్తే 5ఎక్స్ = 90. గుణించినప్పుడు కుడివైపు వచ్చే 1,200, ఇందాక 'అన్నీ 40వే' అన్నప్పుడు వచ్చిన 1,200 ఒకటే! పిల్లలు జారేదీ ఇక్కడే. ఎడమవైపు గుణించి కుడివైపు 30ని అలాగే వదిలేస్తారు.

ఒక్క ఎక్స్ అయితే: 45 కేజీల టిక్కీల సంఖ్య ఎక్స్, 40 కేజీలవి 30 − ఎక్స్. 45ఎక్స్ + 40(30 − ఎక్స్) = 1,290. బ్రాకెట్ మరిచిపోతే 44ఎక్స్ = 90 అవుతుంది, అంటే రెండు టిక్కీల మీద ఓ పిసరు! తప్పు దానంతటదే బయటపడుతుంది.

నా మొగ్గు దీనివైపే. 'మిగతావి 30 − ఎక్స్' అన్నది పిల్లాడు తనే తేల్చుకోవాలి. లెక్క అర్థమైందో లేదో ఆ ఒక్క లైనులో తెలిసిపోతుంది. 'ఎక్స్ = టిక్కీలు' అని రాస్తే ఒప్పుకోకండి. ఏ టిక్కీలో, సంఖ్యో బరువో రాయాల్సిందే.

తండ్రి వయసు కొడుక్కి 3 రెట్లు, 12 ఏళ్ల తర్వాత 2 రెట్లు. ముందు నాలుగు గళ్లు గీయించండి: ఇప్పుడు ఎక్స్, 3ఎక్స్, తర్వాత ఎక్స్ + 12, 3ఎక్స్ + 12. ఆపైనే సమీకరణం: 3ఎక్స్ + 12 = 2(ఎక్స్ + 12), కొడుక్కి 12, తండ్రికి 36. బ్రాకెట్ లేకపోతే కొడుకు వయసు సున్నా. 12ని తండ్రికి మాత్రమే కలిపితే −12, అంటే పిల్లాడు ఇంకా పుట్టనే లేదు.

ఆప్షన్లు వేసి చూడటం పాలిసెట్ లాంటి పరీక్షలకు సరే, నోటుబుక్కులో పనికిరాదు. పదో తరగతిలో సమీకరణాల జత అడిగితే మాత్రం ఎక్స్, వై రెండూ రాయాలి.