వెన్న కోసం కార్క్, కిల్లార్నీ

ఐర్లండ్ పల్లెల్లో ఇంట వెన్న తీసిన పద్ధతి చూడాలని కార్క్‌లో ఒక రోజు, కిల్లార్నీలో ఒక రోజు గడిపాము. ఒక్కచోటికే వీలున్నవారు కిల్లార్నీకే వెళ్లడం మేలు.

కార్క్‌లోని వెన్న మ్యూజియం షాండన్ పేటలో ఉంది. పల్లెల్లో చిలికి, ఉప్పు కలిపి, ఫర్కిన్ అనే చెక్క పీపాలలో దట్టించి తెచ్చిన వెన్నను ఈ పేటలోనే 1770 నుంచి 1924 వరకు నడిచిన మార్కెట్టులో పరీక్షించి, నాణ్యతను బట్టి తరగతులుగా విడదీసి ఓడలకెక్కించేవారు. బురదనేలలో పూడ్చిపెట్టగా దాదాపు వెయ్యేళ్ల తరువాత దొరికిన వెన్న పీపా కూడా ఇక్కడ ఉంది. మ్యూజియం చిన్నది, గంట చాలు. చరిత్ర బాగా తెలిసింది గాని, చిలికే పని చేతికి అందలేదు.

ఆ కొరత కిల్లార్నీ పక్కనే ఉన్న మక్రాస్ పొలాలలో తీరింది. కరెంటు రాకముందు, 1930, 40లలో పల్లె ఇళ్లు ఎలా ఉండేవో అలాగే నిలిపిన ఆ పొలాలలో ఒక వంటింట్లోకి అడుగుపెట్టగానే అక్కడి ఆవిడ కవ్వం కర్ర నా చేతికిచ్చింది. చిలుకుతున్న ఇంటికి వచ్చినవారు ఒక చెయ్యి వేయకుండా వెళితే ఆ ఇంటి వెన్న వారి వెంట పోతుందని అక్కడ పూర్వం నమ్మేవారట. మనం పెరుగును తాడుతో చిలుకుతాము. అక్కడ కాస్త పులిసిన మీగడను నిలువు పీపాలో పోసి, మూత నడుమ రంధ్రంలోంచి దిగిన కర్రను రోకలిలా పైకీ కిందికీ ఆడిస్తారు. మొదట పలచగా వినబడిన చప్పుడు కాసేపటికి బరువెక్కింది, ఆపైన ఉన్నట్టుండి నీళ్ల చప్పుడైంది. మూత తీస్తే మజ్జిగపై పసుపుపచ్చని పలుకులు తేలుతున్నాయి. వాటిని చన్నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఉప్పు చల్లి, గాడులున్న రెండు చెక్క పలకలతో ఒత్తారు. పలకలను ముందే తడపకపోతే వెన్న అంటుకుపోతుంది, నాకు అంటుకుంది.

కిల్లార్నీలో మేము దిగిన బసలో గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు వెచ్చగా ఉన్నాయి. ఉదయం ఫలహారంలో మాత్రం రేకు కాగితంలో చుట్టిన బొటనవేలంత వెన్న బిళ్లలు పెట్టారు. మక్రాస్ సంగతి చెబితే మర్నాడు పింగాణీ గిన్నెలో వెన్న ముద్ద తెచ్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు.

కార్క్ నుంచి కిల్లార్నీకి రైలులో వెళ్లేవారు సాధారణంగా ‘మాలో’ అనే ఊరి స్టేషనులో బండి మారాలి. మక్రాస్ పొలాలు చలికాలంలో మూసివుంటాయి కనుక తేదీలు ముందే చూసుకోవాలి.