డీవీఆర్ గడియారాన్ని కూడా వదలని ల్యాబ్

గుంటూరులో ఎక్కువగా సివిల్, ఫ్యామిలీ కేసులు చూసే అడ్వకేట్‌ని. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు డిజిటల్ ఫోరెన్సిక్ ల్యాబ్‌తో కొన్నేళ్లుగా పని చేయించుకుంటున్నాను. ఇమేజింగ్ (డేటాకి యథాతథంగా నకలు తీయడం), హ్యాష్ విలువలు (ఆ నకలు మారలేదని చూపే సంఖ్యలు) ఏ ల్యాబైనా చూస్తుంది. నేను వీళ్లని వదలకపోవడానికి కారణం రిపోర్ట్‌లోని ఒక చిన్న పట్టిక: పరికరం చూపిన టైమ్, అసలు టైమ్, రెండింటికీ తేడా.

ఒక భాగస్తుల తగాదాలో రాత్రిపూట గోడౌన్ నుంచి సరుకు తరలించారని మా ఫిర్యాదు. సీసీటీవీలో ప్రతివాది కనిపిస్తున్నాడు, టైమ్ 9:05. ఆ టైమ్‌కి పెళ్లిలో ఉన్నానని అతను పెళ్లి వీడియో తెచ్చి చూపించాడు. ల్యాబ్ మనిషి డీవీఆర్ (సీసీటీవీ దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) చూసిన రోజే దాని స్క్రీన్ పక్కన తన ఫోన్ పెట్టి, రెండు టైమ్‌లూ పడేలా ఫొటో తీసి పెట్టుకున్నాడు. డీవీఆర్ 23 నిమిషాలు వెనక నడుస్తోంది. నెట్‌కి కలపకపోతే వాటి గడియారం అలాగే జారుతుందట. అంతటితో ఊరుకోలేదు, ఆ వారంలో కరెంటు ఎప్పుడెప్పుడు పోయిందో సబ్‌స్టేషన్ రికార్డు తెప్పించమన్నాడు. "పోయింది సరుకైతే కరెంటు లెక్కలెందుకండీ" అని మా క్లయింట్ ఒకటే విసుగు.

ల్యాబ్ మనిషిని క్రాస్ ఎగ్జామినేషన్ చేసిన అవతలి ప్లీడర్‌గారు బాగా సీనియర్. "ఈ ఫుటేజీలో టైమ్ తప్పు కదా?" అన్నారు. "తప్పేనండి, నాలుగో పేజీలో రాశాను" అన్నాడు మావాడు. అప్పుడు పడింది అసలు ప్రశ్న: "మీరు చూసిన రోజు 23 నిమిషాలు. సంఘటన రోజు ఎంతో మీకెలా తెలుసు?" మంచి ప్రశ్న, నేనైనా అదే అడిగేవాణ్ణి. ఆ సాయంత్రం కరెంటు పోయినట్టు డీవీఆర్ లాగ్‌లో ఉంది, సబ్‌స్టేషన్ రికార్డులోనూ ఉంది, తేడా 22 నిమిషాలని చెప్పాడు. అంటే ఫుటేజీలోని 9:05 అసలు 9:27 అన్నమాట. "సెకన్లతో సహా చెప్పలేను, ఒక నిమిషం అటూ ఇటూ ఉండొచ్చు" అన్నాడు. చాలామంది నిపుణులు సరిగ్గా అక్కడే "కచ్చితంగా" అనేసి ఇరుక్కుంటారు. ప్లీడర్‌గారు ఇక ఆ టైమ్ జోలికి పోలేదు.

పని చకచకా అవుతుందని మొదట్లో బార్ అసోసియేషన్‌లో అందరికీ చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను. 2024 జూలై 1న కొత్త సాక్ష్య చట్టం వచ్చాక, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో పార్ట్ బి మీద నిపుణుడి సంతకం కూడా కావాలి. దాంతో వీళ్ల దగ్గర తాకిడి పెరిగింది. లాక్ తెలియని కొత్త ఫోన్ అయితే ఆశ పెట్టుకోకండి. ఇది ఐటీ చట్టం 79ఏ కింద నోటిఫై అయిన (ఎలక్ట్రానిక్ సాక్ష్యంపై నిపుణుల అభిప్రాయం ఇవ్వడానికి ప్రభుత్వం గుర్తించిన) ల్యాబ్ కాదు కాబట్టి అవతలివాళ్లు ఆ అభ్యంతరం ఎలాగూ లేవనెత్తుతారు, జవాబు సిద్ధం చేసుకోవాల్సింది మనమే. అన్నిటికన్నా మంట పుట్టించేది ఫీజు. జడ్జిగారు సెలవులో ఉండి కేసు వాయిదా పడినా సరే, మనిషి వచ్చినందుకు డబ్బు కట్టాల్సిందే.

అందుకే చిన్న మొత్తాల దావాలకి క్లయింట్‌ని వీళ్ల దగ్గరికి పంపను. పోలీసు కేసుల సంగతి వేరు, నేను అవి పెద్దగా చూడను. కేసంతా సీసీటీవీ టైమ్ మీదే ఆధారపడి, క్లయింట్ ఖర్చు భరించగలిగితే మాత్రం, పాత ఫుటేజీ చెరిగిపోయేలోపు ముందు వీళ్లకే ఫోన్ చేస్తాను.