అడుగు కనపడే నీళ్ల కోసం

అనంతపురంలో ట్యాంకరు నీళ్లకు క్యూ కట్టి పెరిగిన పిల్లోడు మావాడు. పదేళ్లొచ్చినా ఈత రాదు, తలమీద చెంబెడు నీళ్లు ఎక్కువ పోస్తేనే కేక పెడతాడు. వాడి వయసుకు నేను వీపుకు బెండ్లు కట్టుకుని మా ఊరి దిగుడుబావిలో మెట్ల మీది నుంచి దూకేవాణ్ణి. ఆ బావిలో ఇప్పుడు ముళ్లకంప తప్ప ఏమీ లేదు. అందుకే మొన్న సంక్రాంతి సెలవులకు నేను, నా భార్య, వాడు, బామ్మర్ది కారేసుకుని బయల్దేరినాం. కొండల నడుమ మంచి నీళ్లున్న చోటు చూసి పిల్లోణ్ణి దించాల, అదొక్కటే పని. గుళ్లు, కోటలు దారిలో వస్తే చూస్తాం.

మొదట గండికోట. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ అంచున నిలబడితే కింద పచ్చగా, కదలకుండా నీళ్లు. బామ్మర్ది చొక్కా గుండీలు అప్పుడే విప్పుతున్నాడు. "బావా, ఇంతకన్నా మంచి తావు ఏడ దొరుకుతాది?" అన్నాడు. దిగే దారిలో మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆపినాడు: "ఈడ దిగొద్దు నాయనా. ఒక అడుగు మోకాటిలోతు, రెండో అడుగుకు మనిషే కనపడడు."

చూస్తే నిజమే. పైన గోడలాగా నిలబడిన రాయే నీళ్లలోకి కూడా దిగిపోతుంది. ఇసుక ఒడ్డు, మెల్లగా లోతయ్యే తావు అంటూ ఏమీ లేదు. పాచి పట్టిన బండ మీద కాలు జారితే పట్టుకోను చెట్టు కొమ్మ కూడా అందదు. పైగా ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం డ్యామ్. గేట్లు ఎత్తేదీ దించేదీ మనకు చెప్పి చేయరు. లైఫ్ జాకెట్ వేసుకుని కయాక్ ఎక్కి తెడ్డు వేసినాం, అది మాత్రం బాగుంది. పిల్లోడు చేయి నీళ్లలో పెట్టి తీసినాడు. అంతవరకే.

రాత్రి బస గురించి చెప్పాల. టూరిజం వాళ్ల హరిత హోటల్లో గదులు దొరకలేదు, పండగ సెలవులకు ముందే బుక్ చేసుకోవాలని తెలిసొచ్చింది. ఒక ప్రైవేటు టెంటు కుదుర్చుకుంటే ఫోన్లో ఒక రేటు, పోయినాక ఇంకో రేటు. తెల్లారేసరికి బాత్రూం డ్రమ్ములో నీళ్లు అయిపోయినాయి. కింద అన్ని టీఎంసీల నీళ్లు పెట్టుకుని, పైన చెంబు నీళ్లకు వెతుక్కున్నాం. జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ మాత్రం వంక పెట్టేట్టు లేవు. పొద్దు పొడిచేటప్పుడు లోయ చూసినాక నా భార్య కోపం సగం తగ్గింది.

బెలుం గుహల్లో మూడు కిలోమీటర్లకు పైగా సొరంగాలు, లోపల చలికాలంలోనూ చెమటే. పాతాళగంగ దగ్గర వినపడే నీళ్ల చప్పుడుకు పిల్లోడు "దీంట్లో ఈదొచ్చా నాయనా?" అన్నాడు. అంటే భయం కాస్త సడలింది.

అవుకు రిజర్వాయర్‌లో పడవ షికారు హాయిగా ఉంటుంది, చుట్టూ కొండలు. కానీ కట్టకు పేర్చిన రాళ్ల మీది నుంచి దిగాల, అవి అరికాలు కింద కదులుతాయి. ముసలివాళ్లతో, పిల్లలతో పోయేవాళ్లు పడవతోనే సరిపెట్టుకోండి.

యాగంటిలో కొండలోంచి వచ్చే నీళ్లు నంది నోట్లోంచి పుష్కరిణిలో పడతాయి. మెట్లున్నాయి, నీళ్లు చల్లగా ఉన్నాయి. అయితే అది ఈతకు కాదు, మునిగి లేచేదానికి. నంది నోటి కింద తల పెట్టేదానికి జనం తోపులాట. అక్కడి నంది పెరుగుతుందంటారు, కాకులు వాలవంటారు. మేమున్నంతసేపు నేనైతే కాకిని చూళ్లేదు, కోతుల్ని మాత్రం చాలా చూసినా.

ఇక మహానంది. 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా కర్నూలు జిల్లానే. నల్లమల కొండల అడుగున ఊట, ఏడాది పొడుగునా ఒకే మట్టం. కోనేట్లో రూపాయి బిళ్ల వేస్తే అడుగున బొమ్మో బొరుసో చెప్పొచ్చు. వచ్చిన నీళ్లు నిలవకుండా బయటికి పోతూ చుట్టుపక్కల అరటి తోటలకు పారతాయి, అందుకే ఇంతమంది మునిగినా మురికి నిలవదు. సబ్బు, షాంపూ వాడనివ్వరు. మంచి పని.

పొద్దున్నే చలికి వణుకుతూ గుడి ముందున్న గుండంలో కాలు పెడితే గోరువెచ్చగా తగిలింది. ఎండాకాలం ఇవే నీళ్లు చల్లగా ఉంటాయి. లోతు ఐదడుగుల దాకా ఉంటుంది, నాకు గడ్డం కింది వరకు. పదేళ్లవాడికి అది మునకే, కాబట్టి పిల్లల్ని వదిలేసి ఫోటోలు తీసుకుంటూ నిలబడే చోటు కాదు. కానీ చుట్టూ మెట్లున్నాయి, అడుగు కనపడుతుంది, ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. ఒక లోపం చెప్పాల: ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకునే గదుల దగ్గర రద్దీ ఎక్కువ. నా భార్య అరగంట నిలబడింది. గది తీసుకుని అక్కణ్ణుంచే తువ్వాళ్లతో రావడం మేలు. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు ఈత సంగతి మరిచిపోండి, నిలబడే చోటే దొరకదు.

పిల్లోడు మొదట మెట్టు వదల్లేదు. బామ్మర్ది ఒక పక్క, నేను ఒక పక్క పొట్ట కింద చేతులు పెట్టినాం. మూడోసారికి వాడే కళ్లు తెరుచుకుని మునిగి, అడుగున మెరిసిన రూపాయి బిళ్ల పట్టుకుని లేచినాడు. "దేవుడిదిరా అది, యాడిది ఆడ వెయ్" అని వాళ్లమ్మ గట్టు మీంచి అరిచింది. వేసినాడు. అడుగుకు చేరిందో లేదో చూస్తానని మళ్లీ మునిగినాడు.