ఇన్‌స్టాలో పిల్లల్ని వేధిస్తుంటే: స్కూలా, రిపోర్ట్ బటనా, పోలీసా, ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్ళి, కేఆర్ పురం వైపు మన తెలుగువాళ్ళలో ఎవరింట్లో ఈ గొడవ వచ్చినా ముందు వచ్చే మాట ఒకటే, "పోలీసుల దాకా ఎందుకండీ, ఆడపిల్ల విషయం, స్కూల్లోనే మాట్లాడేద్దాం". ఒక్కోసారి అది కరెక్టే, ఒక్కోసారి మాత్రం ఘోరమైన తప్పు. అవతలివాళ్ళు పెట్టింది ఏంటి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

లావుగా ఉందని మీమ్స్, వెక్కిరింతలు, క్లాస్ గ్రూప్‌లోంచి తీసేసి పక్కన ఇంకో గ్రూప్ పెట్టుకుని నవ్వుకోవడం, ఇలాంటివైతే నా ఓటు స్కూల్‌కే. చేసినవాడూ పద్దెనిమిది లోపే అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం వాడు వెళ్ళేది పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డుకి, చిన్న నేరాలకి మామూలుగా ఎఫ్ఐఆర్ కూడా కట్టరు. పైగా "66ఏ కింద లోపలేయిస్తా" అని ఇప్పటికీ బెదిరించేవాళ్ళున్నారు గానీ ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌ల మీద ఐటీ యాక్ట్‌లో ఉన్న ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. కాకపోతే నోటిమాటతో వదలొద్దు, ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెట్టండి, లేకపోతే రేపు "మాకెవరూ చెప్పలేదే" అంటారు.

అదే మార్ఫింగ్ చేసిన నగ్న ఫోటోనో, "ఇంకోటి పంపకపోతే అందరికీ పెడతా" అన్న బెదిరింపో వచ్చిందనుకోండి, ఇక స్కూల్ పంచాయితీ మాటే లేదు. అది పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, దాంతోపాటు పిల్లల అశ్లీల ఫోటోలు, వీడియోలు ఆన్‌లైన్‌లో పెట్టడం, పంపడం మీద ఉన్న ఐటీ యాక్ట్ 67బి, మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ అంటుంది, ప్రిన్సిపాల్‌కీ అదే రూలు, సర్దుకుపొమ్మంటే ఆయనే ఇరుక్కుంటాడు. పరువు గురించి భయమా? పిల్ల స్టేట్‌మెంట్ ఇంట్లోనే తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా ఎస్సై, అదీ యూనిఫాం లేకుండా, ఇక పిల్ల పేరు మీడియాలో బయటపెడితే అదే ఇంకో నేరం.

రిపోర్ట్ బటన్ పోస్ట్ తీయించడానికి స్పీడు, శిక్షకి పనికిరాదు. పద్దెనిమిది లోపు వాళ్ళకి టేక్ ఇట్ డౌన్ అనే ఫ్రీ సర్వీస్ ఉంది, ఫోటో ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన యాప్‌లు ఆ గుర్తుతో వెతికి తీసేస్తాయి. కానీ రిపోర్ట్ కొట్టేముందు ప్రొఫైల్ లింకు, యూజర్‌నేమ్, చాట్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, పైన కనిపించే పేరు ఒక్కటే ఉంటే లాభం లేదు, దాన్ని ఎప్పుడైనా మార్చేస్తారు. ఆ నగ్న ఫోటోని మాత్రం "చూడండి ఏం చేశారో" అని బంధువులకీ అపార్ట్‌మెంట్ గ్రూప్‌కీ ఫార్వర్డ్ చేయకండి బాబూ, 67బి మీకూ వర్తిస్తుంది.

సివిల్ కోర్టులో పరువు దావా? టైమూ డబ్బూ రెండూ తింటుంది, ఈ వయసు పిల్లల గొడవకి నేనైతే చెప్పను.

ఇక పోర్టలా, స్టేషనా అంటే, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పేరు చెప్పకుండా కూడా కంప్లైంట్ ఇవ్వొచ్చు, కానీ అలా ఇస్తే తర్వాత ఏమైందో ట్రాక్ చేసుకోలేరు. నేనైతే పేరుతోనే ఇచ్చి, ప్రింట్ పట్టుకుని మన డివిజన్ సెన్ స్టేషన్‌కి, అంటే సైబర్ నేరాలు చూసే పోలీస్ స్టేషన్‌కి, వెళ్ళమంటాను. "మా ఏరియా కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే ఏరియాతో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టే ఎఫ్ఐఆర్. ఎఫ్ఐఆర్ కన్నడలో ఉంటుంది కాబట్టి అక్కడే చదివించుకుని, చెప్పింది చెప్పినట్టు రాశారని తేల్చుకున్నాకే సంతకం పెట్టండి, కాపీ ఫ్రీగానే ఇవ్వాలి.