నెల్లూరు నుంచి మాలకొండ, భైరవకోన: కారు, డ్రైవరు బాగు, ప్యాకేజీ మాత్రం వద్దు

మాలకొండ లక్ష్మీనరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు, కాబట్టి మాలకొండ, కొండలో తొలిచిన శివాలయాలున్న భైరవకోన కలిపి చూడాలనుకుంటే శనివారమే బయల్దేరాలి. మేము నెల్లూరులో ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర ఈ రెండూ కలిపిన ఒక్కరోజు ప్యాకేజీ తీసుకున్నాం. పేరు రాయను, కానీ ఎవరి దగ్గర తీసుకున్నా ముందు ఏం అడగాలో తెలుస్తుందని ఇది రాస్తున్నా.

డ్రైవరుకి మాత్రం నూటికి నూరు మార్కులు. పామూరు వైపు అబ్బాయి, దారంతా తెలిసినవాడు. చీకటితోనే వచ్చి, కావలి, కందుకూరు మీదుగా ఎండెక్కకముందే మాలకొండలో దించాడు. శనివారం కందుకూరు, పామూరు నుంచి బస్సులు నిండా జనం వస్తారు, పొద్దెక్కితే క్యూలో నిలబడటమే సరిపోతుంది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులని చూసి, అడక్కుండానే, "అమ్మా, మీరు స్వామి దర్శనం చేసుకోని ఈడనే నీడలో కూర్చోండి, పైన అమ్మవారి దగ్గరికి బండల సందులో నుంచి పోవాల, మీకు కష్టం" అని చెప్పాడు. ఈ ఒక్క మాటకే ఆ అబ్బాయి మీద గౌరవం పెరిగింది.

ఆ సందు గురించి చెప్పాలి. రెండు పెద్ద బండల మధ్య ఒక మనిషి ఒదిగి నడిచేంత దారి, అమ్మవారి కోసం కొండే చీలిందని అంటారు, మిగతా ఆరు రోజులూ ఇక్కడ ఋషులూ దేవతలూ పూజ చేస్తారని కూడా నమ్మకం. మీకు మొక్కులేమీ లేకపోయినా, ఊరికే చూద్దామని వెళ్లినా సరే, రెండు వైపులా రాయి భుజాలకి తగులుతుంటే, వెనకాల జనం గోవింద కొడుతుంటే అందులో నడిచి తీరాలి. మధ్యాహ్నం అక్కడి సత్రంలోనే అన్నదానం తిన్నాం, వేడి అన్నం, సాంబారు, కడుపునిండా పెట్టారు. ప్యాకేజీలో ఉన్న హోటల్ భోజనం జోలికే పోలేదు, ఆ డబ్బులు మాత్రం తగ్గించలేదు.

అసలు బాధంతా భైరవకోన దగ్గరే. పామూరు దాటి సి.ఎస్.పురం వైపు వెళ్తే నల్లమల అంచున ఉంటుంది. ప్యాకేజీలో దానికి ఇచ్చింది ఒక గంట! ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలండీ, పల్లవుల నాటి పనితనం, గర్భగుడి, వరండా, స్తంభాలు అన్నీ ఆ రాతిలోంచే తీశారు. ఏడు గుళ్లు తూర్పు ముఖం, ఒకటి ఉత్తరం. ద్వారపాలకులు, స్తంభాల మొదట్లో కూర్చున్న సింహాలు, ఒక గుడికీ ఇంకో గుడికీ ఉన్న తేడాలు, ఇవన్నీ ఆగి చూడాలి. మహాకాళి, మహాలక్ష్మి, సరస్వతి మూడు ముఖాలతో దుర్గమ్మ ఉంది, ఎదురుగా జలపాతం. వానలు పడ్డాక వెళ్లాం కాబట్టి నీళ్లు బాగానే ఉన్నాయి, పిల్లలు అక్కణ్ణుంచి కదలనన్నారు. దండం పెట్టుకుని వెనక్కి తిరిగేవాళ్లకి గంట సరిపోతుందేమో, చూద్దామని అంత దూరం వచ్చినవాళ్లకి కనీసం మూడు గంటలు కావాలి, ఇంత గొప్ప చోటుని దారిలో టీ తాగే స్టాప్ లెక్కన పెట్టడం నాకు నిజంగా కోపం తెప్పించింది.

ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు, బయల్దేరండి బయల్దేరండి అని. డ్రైవరేమో "మీరు నిదానంగా చూసుకోండి సార్, వాళ్లతో నేను చెప్పుకుంటా" అన్నాడు. చివరికి బిల్లులో వెయిటింగ్ చార్జీ వేశారు, దాని గురించి ముందు ఒక్క మాట చెప్పలేదు.

ఇంకోటి, వాళ్ల కాగితంలో ఉదయగిరి కోట కూడా రాసుంది. తిరుగు ప్రయాణం సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు మీదుగా కాబట్టి కోట చూపిస్తారనుకున్నాం, చూపించారు, రోడ్డు మీద నుంచి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి 1514లో గెలిచిన కోట అది, కొండెక్కి చూడాలంటే దానికే ఒక రోజు పెట్టుకోవాలి. ఎక్కించే ఉద్దేశం లేనప్పుడు కాగితంలో ఎందుకు రాయాలి?

మళ్లీ వెళ్తే ప్యాకేజీ తీసుకోను, కిలోమీటరు లెక్కన కారు మాట్లాడుకుంటా. డ్రైవరు బత్తా ఎంత, వెయిటింగ్ ఉందా లేదా, రాత్రి ఎన్నింటి తర్వాత ఎక్స్‌ట్రా అనేది ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. పామూరు, ఉదయగిరి వైపు డ్రైవర్ కావాలని అడగండి, దొరికితే వదలొద్దు. పెంచలకోన నరసింహస్వామి గుడి కూడా అదే రోజు కలిపేస్తామంటే ఒప్పుకోకండి, అది రాపూరు వైపు, దానికి ఇంకో రోజు పెట్టుకోండి. భైరవకోన దగ్గర తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, పిల్లలుంటే పులిహోరో పెరుగన్నమో కట్టుకెళ్లండి, నీళ్లు ఎక్కువే పెట్టుకోండి.