పాపికొండలు: పొద్దున వెళ్లి సాయంత్రం రావడమా, ఒడ్డున ఒక రాత్రి ఉండడమా? విశాఖ వాళ్లకి ఏది మేలు?

గోదావరి వరద తగ్గి బోట్లు మళ్లీ కదిలాయన్న కబురు రాగానే విశాఖలో ఏటా ఇదే ప్రశ్న మొదలవుతుంది. ఒక్కరోజు ప్యాకేజీ తీసుకోవాలా, రాత్రి మకాం ఉన్నది తీసుకోవాలా? అడిగేవాళ్లు ఎక్కువగా టికెట్ ధర చూసి అడుగుతారు. రాత్రి మకాం ధర సాధారణంగా ఒక్కరోజు టికెట్‌కి రెండింతలు, ఆపైన ఉంటుంది కాబట్టి చాలామంది మొదటిదానికే మొగ్గుతారు. రాజమండ్రి వాళ్ల విషయంలో ఆ లెక్క సరైనదే. మన విషయంలో కాదు. ముందు దూరం సంగతి చూడాలి.

విశాఖ నుంచి రాజమండ్రి సుమారు 190 కిలోమీటర్లు. అక్కడితో అయిపోదు. పోలవరం దగ్గర కాఫర్‌డ్యామ్ (డ్యామ్ పనుల కోసం నదికి అడ్డంగా వేసే తాత్కాలిక కట్ట) కట్టాక, పాత రోజుల్లోలా రాజమండ్రి ఘాట్ల నుంచో పట్టిసీమ నుంచో బోటు నేరుగా పైకి వెళ్లే వీలు లేదు. డ్యామ్‌కి ఎగువన దేవీపట్నం వైపు, గండిపోచమ్మ గుడి దగ్గరి రేవులో ఎక్కాలి. రాజమండ్రి నుంచి అక్కడికి రోడ్డు మీద ఇంకో గంట, గంటన్నర. బోట్లు కదిలేది పొద్దున తొమ్మిది, పది మధ్య. టికెట్లు, ఆధార్ కార్డులు చూసి, లెక్కపెట్టి ఎక్కించాలి కాబట్టి అంతకు అరగంట ముందే రేవులో ఉండాలి.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. తెల్లవారుజామున బయల్దేరే వందేభారత్ ఎక్కినా రాజమండ్రిలో దిగేసరికి ఎనిమిది అవుతుంది. రైలు పావుగంట ఆలస్యమైతే బోటు తప్పిపోయినట్టే. సొంత కారైతే రాజమండ్రి ఊళ్లోకి వెళ్లక్కర్లేదు, జగ్గంపేట దగ్గర హైవే దిగి గోకవరం మీదుగా వెళ్లొచ్చు. అయినా విశాఖలో మూడింటికే బండి తీయాలి. తిరుగు బోటు రేవు చేరేది సాయంత్రం ఐదు, ఆరు మధ్య. మధ్యాహ్నం రాజమండ్రి దాటే రత్నాచల్, జన్మభూమి అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి. ఇక మిగిలేది రాత్రి బస్సో రాత్రి రైలో. ఏదెక్కినా ఇల్లు చేరేది అర్ధరాత్రికి అటూ ఇటూగానే.

కాబట్టి విశాఖ వాళ్లకి ఒక్కరోజు ట్రిప్ అన్నది పేరుకే. అది ముందురోజు రాత్రినో ఆ రోజు రాత్రినో ఎలాగూ తినేస్తుంది. ఆ రాత్రి రాజమండ్రి లాడ్జిలో గడవచ్చు, స్లీపర్ బెర్త్ మీద గడవచ్చు, తుని, అన్నవరం మధ్య హైవే మీద నిద్రకళ్లతో గడవచ్చు. లాడ్జి గదికి, బండి అద్దెకి, బయటి భోజనాలకి అయ్యేది కూడా కలిపి చూస్తే రెండు ప్యాకేజీల మధ్య ధర తేడా చాలావరకు కరిగిపోతుంది. అసలు తేల్చుకోవాల్సింది ఆ ఒక్క రాత్రిని ఎక్కడ గడపాలన్నది. నా లెక్కలో మిగతా అంశాలన్నీ దీని తర్వాతే.

ఒక అపోహ కూడా తీరాలి. రాత్రి మకాం అంటే బోటులో పడుకుని తేలుతూ వెళ్లడమని చాలామంది అనుకుంటారు. గోదావరి మీద చీకటి పడ్డాక టూరిస్టు బోట్లు తిరగవు, తిరగకూడదు కూడా. సాయంత్రానికి ఒడ్డున దింపేస్తారు. కొండలకి ఎగువ వైపు నది ఒడ్డున కొల్లూరు, శిరివాక, పోచవరం పరిసరాల్లో వెదురు హట్స్‌లోనో, ఇసుక మీద వేసిన టెంట్లలోనో పడుకోవాలి. మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక కింది నుంచి వచ్చిన బోటులో తిరుగు ప్రయాణం. అంటే బోటు మీద గడిపే గంటలు రెండు ప్యాకేజీల్లోనూ దాదాపు సమానమే. అదనపు డబ్బు కట్టేది ఒడ్డు మీద ఒక సాయంత్రానికి, ఒక ఉదయానికి.

ఆ సాయంత్రం, ఆ ఉదయం అంత విలువైనవా? విలువైనవే. ఎందుకో చెప్తాను.

ఒక్కరోజు బోటు రేవు వదిలాక మొదటి గంటన్నర, రెండు గంటలు నది వెడల్పుగానే ఉంటుంది. పోలవరం కోసం ఖాళీ చేసిన ఊళ్లు, దూరంగా కొండలు కనిపిస్తాయి. రాజమండ్రి దగ్గర మూడు కిలోమీటర్ల దాకా పరుచుకునే గోదావరి కొండల మధ్య ఇరుకై, రెండు వైపులా అడవి నీళ్ల మీదకి వంగినట్టు కనిపించే చోటు తర్వాత వస్తుంది. బోటు అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ నడినెత్తిన ఉంటుంది, నీడలుండవు, నీటి మీద వెలుగు కళ్లలో కొడుతుంది, ఫోటోలో కొండలు పల్చబడిపోతాయి. సరిగ్గా అప్పుడే కింద డెక్‌లో భోజనాల పిలుపు వస్తుంది. పేరంటాలపల్లిలో దిగి, రామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం, శివాలయం చూసి, కొండరెడ్డి గిరిజనులు అమ్మే వెదురు బొమ్మల దగ్గర కాసేపు ఆగేసరికి ఎక్కమని హారన్. తిరుగు దారిలో మైకు, పాటలు, డ్యాన్సులు. పిల్లలకి అది పండగే, నేను తప్పుపట్టను. కానీ కొండల కోసం వెళ్లినవాళ్లకి కొండలు దక్కేది తక్కువ.

ఒడ్డున ఉండిపోతే మూడున్నర, నాలుగు తర్వాత బోట్లన్నీ కిందికి వెళ్లిపోతాయి. మైకులు ఆగిపోతాయి. పొద్దు కొండ వెనక్కి జారేకొద్దీ ఒక ఒడ్డు చీకటిలోకి పోతుంది, రెండో ఒడ్డు మీద ఎండ పైకి పాకుతుంది. డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున నీళ్ల మీద మంచు పరుచుకుని, ఏడింటి దాకా అవతలి ఒడ్డు కనిపించదు. పాపికొండల అందమని అందరూ చెప్పుకునేదాంట్లో సగం ఈ రెండు పూటల్లోనే ఉంది. ఒక్కరోజు టికెట్‌లో ఈ రెండు పూటలూ ఉండవు. వీలైతే పున్నమికి రెండు రోజులు అటూ ఇటూ చూసుకుని వెళ్లండి. మకాంలో కరెంటిచ్చే జనరేటర్ ఆపేశాక కూడా వెన్నెల్లో నది కనిపిస్తూనే ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అంతవరకు నింపిన రోజున ఈ ఇసుక తిన్నెలు, ఒడ్డు ఊళ్లు చాలావరకు నీటి కిందే. కొండలు అక్కడే ఉంటాయి, కానీ వాటి పాదాల దగ్గర పడుకునే చోటు ఉండదు. కాఫర్‌డ్యామ్ వచ్చాక ఇప్పటికే మట్టం మారి, పాత మకాములు కొన్ని చోటు మార్చుకోవాల్సి వచ్చింది. అందుకే బుక్ చేసేటప్పుడు బ్రోచర్‌లోని ఫోటోని నమ్మకండి. ఈ వారం మకాం ఏ ఊళ్లో, హట్సా టెంట్లా, రేవు నుంచి ఎంత నడవాలి అని నోటితో అడిగి తేల్చుకోండి.

ఇక రాత్రి మకాంలో కష్టమేమిటన్నది దాచకుండా చెప్పాలి. కరెంటు చాలాచోట్ల జనరేటర్ మీదే, అదీ రాత్రి పది, పదకొండు దాకా. సెల్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, బోటు ఎక్కకముందే ఇంట్లో చెప్పేయండి. మరుగుదొడ్లు చాలాచోట్ల ఉమ్మడివి, ఇరవై ముప్పై మందికి రెండో మూడో ఉంటాయి. తెల్లవారాక వరస తప్పదు, ఐదున్నరకే లేచినవాళ్లు సుఖపడతారు. విశాఖ చలికి అలవాటైన ఒంటికి నది ఒడ్డు మంచు కొత్త. టెంట్ లోపలి గుడ్డ తెల్లారేసరికి తడిసిపోతుంది. వాళ్లిచ్చే దుప్పటి చాలదు, మనిషికో శాలువా, సాక్సులు, చెవులకి మఫ్లర్ ఉండాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి ఒంటినిండా బట్టలు, దోమల క్రీము తప్పనిసరి. టార్చిలైటు, పవర్ బ్యాంక్, రోజూ వేసుకునే మందులు రెండు రోజులకి సరిపడా చేతి సంచిలోనే ఉంచుకోండి. సూట్‌కేసు వద్దు, ఇసుకలో దాని చక్రాలు తిరగవు.

నీళ్లలోకి దిగే విషయంలో మాత్రం ఒక్క మెట్టు కూడా తగ్గకండి. గోదావరి ఇసుక ఒడ్డు సముద్రపు ఒడ్డులా మెల్లగా లోతు కాదు. మోకాలి లోతు ఉన్న చోటి నుంచి రెండడుగులు వేస్తే కింద ఇసుక జారి మనిషి మునిగే లోతు రావచ్చు. రుషికొండలో కెరటాల్లో ఆడిన అలవాటు ఇక్కడ పనికిరాదు, ఇంకా ప్రమాదం. బోటు సిబ్బంది చూపించిన చోట, మోకాలి లోతు దాటకుండా స్నానం చేసి బయటికి వచ్చేయాలి. మందు తాగినవాళ్లని అసలు దిగనివ్వకూడదు.

ఎవరు రాత్రి ఉండకూడదన్నది ఇంకా ముఖ్యం. చీకట్లో బోటు తిరగదని పైన చెప్పుకున్నాం కదా. అంటే రాత్రి పదింటికి గుండెలో నొప్పి వచ్చినా, పసిబిడ్డకి ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆసుపత్రి దారి చాలా కష్టం. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలతో వెళ్లేవాళ్లు ఒక్కరోజు బోటే తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా అంతే. రేవులో పలక మీదుగా దిగడం, ఇసుకలో నడవడం, రాత్రి చీకట్లో బాత్రూమ్‌కి వెళ్లడం వాళ్లకి శిక్ష. అమ్మమ్మని, తాతయ్యని తీసుకెళ్తున్నారంటే ప్రశ్న అక్కడితో తేలిపోయింది. ముందురోజు మధ్యాహ్నం రైల్లో రాజమండ్రి వెళ్లి, లాడ్జిలో పడుకుని, పొద్దున బోటెక్కండి. తిరిగొచ్చాక ఆ రాత్రి కూడా అక్కడే ఉండి మర్నాడు బయల్దేరితే ఇంకా నయం. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి ఐదు గంటలు బండి నడిపినవాడే, రోజంతా బోటులో కూర్చుని, మళ్లీ రాత్రి విశాఖ దాకా నడపడం ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని.

బోటు భద్రతలో రెండు ప్యాకేజీలకీ తేడా లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న బోటు మునిగి, 26 మంది మాత్రమే బయటపడ్డారు. ఆ రోజు గోదావరి సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరదతో ఉంది. ఆ తర్వాతే గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం లాంటి చోట్ల కంట్రోల్ రూములు వచ్చాయి. అయినా మన వంతు జాగ్రత్త మనదే. లైఫ్ జాకెట్ భుజాన వేలాడేస్తే లాభం లేదు, బకిల్స్ అన్నీ పెట్టి, పైకి లాగితే చెవుల దాకా జారకుండా బిగించాలి. పిల్లలకి పిల్లల సైజే అడగాలి. ఫోటో కోసం అందరూ ఒకే వైపు గుమిగూడకూడదు, ముఖ్యంగా పై డెక్‌లో. బరువు పైన ఉండి, ఒక పక్కకి చేరితే, మలుపులో సుడి తగిలినప్పుడు బోటు తిరిగి నిలబడడం కష్టం. వరద రోజుల్లో ఎవరైనా తీసుకెళ్తామన్నా వెళ్లొద్దు. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు. నీటిమట్టం ఆ వైపు పెరుగుతోందని వార్త వినగానే టికెట్ రద్దు చేసుకోండి.

కాలాన్ని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, నడవగలిగినవాళ్లకి రాత్రి మకామే మేలు. మార్చి దాటితే నేను దాన్ని సిఫార్సు చేయను. ఇసుక రాత్రి దాకా వేడి వదలదు, హట్స్‌లో గాలి ఆడదు, మధ్యాహ్నం ఒడ్డున తలదాచుకునే నీడ తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో తప్పదంటే ఏసీ బోటులో ఒక్కరోజు వెళ్లి రండి.

రెండిటికీ మధ్య దారి ఒకటుంది. పొద్దున బోటు, రాత్రి మారేడుమిల్లిలో బస. రేవు నుంచి రంపచోడవరం మీదుగా సాయంత్రానికే చేరొచ్చు. పక్కా గది, సొంత బాత్రూమ్, రాత్రికి బొంగు చికెన్. సొంత బండి ఉన్న కుటుంబాలకి, టెంట్‌లో పడుకోలేమనేవాళ్లకి ఇది మంచి ఏర్పాటు. నది మీద ఉదయం మాత్రం దక్కదు.

బోటులోనే పడుకోవాలన్న కోరిక బలంగా ఉంటే కోనసీమలోని దిండి హౌస్‌బోట్లు ఉన్నాయి. అక్కడ కొండలుండవు, కొబ్బరితోటలే. విశాఖ నుంచి బయల్దేరే సముద్రపు క్రూయిజ్ ఓడ పూర్తిగా వేరే సరదా, అది నడిచేదీ కొద్ది రోజులే. రుషికొండ బోటింగ్ అరగంట పని, దీనితో పోల్చక్కర్లేదు.

బుకింగ్‌లో చివరి మాట. కార్తీక మాసం ఆదివారాలు, సంక్రాంతి సెలవులు వదిలేయండి, రేవులోనే రెండు గంటలు పోతాయి. మంగళ, బుధవారాలైతే అదే మకాంలో సగం మందే ఉంటారు. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే బోట్లు ఉన్నట్టుండి ఆపేస్తారు. అలా ఆగితే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది ముందే రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్ మెసేజ్‌గానైనా తీసుకోండి. రైలు టికెట్ మాత్రం బోటు ఖాయమయ్యాకే తీయండి.